దగ్గర అంటే

జూన్ 3

తాళాలగుత్తి ఆడపడుచుకి,

నేను క్షేమమని రాస్తే నువ్వు ఎలాగూ నమ్మవు కాబట్టి మోకాళ్ళతోనే మొదలుపెడతాను. రెండూ నొప్పే. మెట్లు ఎక్కేటప్పుడు కుడిది, దిగేటప్పుడు ఎడమది. పాపం, పని పంచుకున్నాయి.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. మొన్న నీకు ఫోను చేసినప్పుడు నాతో మాట్లాడింది ఎంతసేపు, నీ రెండో ఫోనులో ఇంకెవరితోనో "తూర్పు వైపు కిటికీలండీ, గాలి బ్రహ్మాండం" అన్నది ఎంతసేపు? నా మోకాళ్ళ గురించి చెబుతుంటే "ఫర్వాలేదండీ, లిఫ్టు ఉంది" అన్నావు. ఆ మాట నాకో, ఆ ఇల్లు కొనే ఆయనకో ఇప్పటికీ తెలియదు. ఉత్తరమైతే చదువుతున్నంతసేపైనా నాతో ఉంటావు. నువ్వూ ఉత్తరమే రాయి.

సంగతేమిటంటే, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను.

మీ అన్నయ్య పోయి రెండేళ్ళయింది. ఏడుపు రాయడానికి కూర్చోలేదులే, భయపడకు. పై గదులు రెండింటికీ ఎక్కడం మానేసి చాలా కాలమైంది. కింద ముందుగదిలో కుట్టుమిషను, వెనక వంటిల్లు, మధ్యలో నా మంచం. అంతే నా రాజ్యం. ఊరి చివర ఈ వరస ఇళ్ళలోకి మేం వచ్చినప్పుడు అన్నిటిలో మనుషులుండేవారు. ఇప్పుడు కుడిపక్క ఇల్లు ఖాళీ. ఎడమపక్కాయన ఎప్పుడు వస్తాడో ఎప్పుడు వెళ్తాడో అతనికే తెలియాలి. నాకు ఆల్టరేషన్ పనులు పంపే బట్టల కొట్టు కూడా మూసేశారు. ఇక మిగిలింది తెలిసినవాళ్ళు మొహమాటానికి ఇచ్చే జిప్పులూ, ఊడిపోయిన బొత్తాలూ.

అన్నిటికంటే విసుగైనది చెప్పనా? బయటికెళ్ళి వచ్చాక నా తలుపు నేనే తాళం తీసుకోవడం. సంచి కింద పెట్టి, తాళంచెవి వెతికి, లోపలికెళ్ళి గోడ తడిమి లైటు వేసుకోవడం. చిన్న విషయమే. రోజూ అదే అయ్యేసరికి అలసట వచ్చేస్తోంది.

అందుకని ఈ ఇల్లు అమ్మేసి నీ దగ్గర ఉందామనుకుంటున్నాను. నువ్వేమంటావు? మొహమాటపడకు. వద్దనిపిస్తే వద్దనే రాయి, నేనేమీ అనుకోను. (అనుకుంటాను, కానీ నీకు చెప్పను.)

నీ ఏజెంటు కళ్ళ కోసం ఇంటి ఫోటోలు పెట్టాను. పక్కవీధి అమ్మాయి తీసిపెట్టింది.

నీ వదిన

*

జూన్ 9

దర్జీ వదినా,

నీ ఉత్తరం మా ఆఫీసు బల్ల మీద అద్దె ఒప్పందాల మధ్య దొరికింది. ఎవరో చేత్తో రాసిన కవరు వచ్చిందని ఆఫీసంతా ఒకసారి తిప్పి చూశారు. నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు కూడా ఉన్నారని తెలిసి కాస్త గౌరవం పెరిగినట్టుంది.

వద్దనడమేమిటి? నువ్వు నా దగ్గర ఉంటానంటే నాకంటే సంతోషించేవాళ్ళెవరు? ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను, ఆదివారం పూట వెళ్ళి కూర్చోవడానికి ఒక గుమ్మం లేదు. ఎప్పుడో రావలసింది. వచ్చెయ్యి.

తాళం గట్టిగా తిరుగుతుంటే రెండు చుక్కలు నూనె వెయ్యి, సరిపోతుంది.

ఇక అమ్మకం సంగతి. ఇక్కడినుంచి నేను ఆడపడుచుని కాదు, ఏజెంటుని. కొంచెం కటువుగా ఉంటాను, కోప్పడకు. అమ్ముదామనుకున్న రోజునుంచీ అది నీ ఇల్లు కాదు, సరుకు. ముందు వీధి తలుపుకి రంగు వేయించు. కొనేవాళ్ళు ఇల్లంతా చూసి తేల్చుకున్నామనుకుంటారు గానీ గుమ్మంలో తాళం తీసేదాకా నిలబడతారే, అప్పుడే సగం తేలిపోతుంది. ముందుగదిలోంచి మిషను తీసెయ్యి, కిటికీ వెలుతురంతా అదే మింగేస్తోంది. గోడల మీది ఫోటోలు తీసెయ్యి. వచ్చినవాళ్ళు ఆ గోడ మీద వాళ్ళ ఫోటోలు ఊహించుకోవాలి, నీ పెళ్ళి ఫోటో అక్కడ పళ్ళికిలిస్తుంటే ఎలా కుదురుతుంది? వీధి తలుపు వెనక ఎవరిదో పాత కోటు వేలాడుతోంది, దాన్ని ముందు పారెయ్యి. వంటింటి కప్పులో చెమ్మ ఉంటే దాచకు, బాగు చేయించి ఆ మాట నువ్వే చెప్పు. దాచిన చెమ్మ ఎప్పటికైనా బయటపడుతుంది, అప్పుడు చెమ్మకంటే అనుమానం ఎక్కువ ఖర్చు.

ధర విషయంలో ఆశకి పోవద్దు. ఆ వీధిలో ఈమధ్య ఏ ఇల్లు ఎంతకి పోయిందో కనుక్కుని దానికి అటూ ఇటూగా పెట్టు. నువ్వు ఆ ఇంట్లో ఎంత బతికావో దానికి ఎవరూ ధర కట్టరు.

ముఖ్యమైనది చివర్లో చెబుతున్నాను. చూడ్డానికి ఎవరైనా వచ్చినప్పుడు నువ్వు బయటికి వెళ్ళిపో. కుదరకపోతే నోరు కట్టేసుకుని వంటింట్లో కూర్చో. ఆ ఇంట్లో నువ్వు ఉన్నట్టే తెలియకూడదు.

అరిగిన చెప్పులతో,
నీ ఆడపడుచు

*

జూన్ 24

తాళాలగుత్తికి,

నీ ఉత్తరంలో "వచ్చెయ్యి" అన్న మాట దాకా ఒకసారి, ఆ తర్వాతది ఒకసారి చదివాను. మొదటి సగం రాసింది నా ఆడపడుచు. రెండో సగం ఎవరు రాశారో గానీ ఆవిడంటే నాకు భయంగా ఉంది.

అయినా అన్నీ చేశాను. తలుపుకి నీలం రంగు వేయించాను. ఫోటోలు తీశాను, గోడ మీద తెల్లటి చతురస్రాలు మిగిలాయి, వాటికీ సున్నం కొట్టించాను. మిషను వెనక్కి పోయింది. కోటు తీశాను. కప్పు బాగు చేయించాను. నేను ఉన్నట్టు తెలియకూడదన్నావు కదా, ఇప్పుడు పొద్దున్నే లేస్తే నాకే తెలియడం లేదు.

ముగ్గురు వచ్చి చూసుకెళ్ళారు. ఒకాయన గోడలన్నిటినీ పుచ్చకాయ కొనేవాడిలా వేలితో తట్టి చూశాడట, పక్కవీధి అమ్మాయి చెప్పింది. ఇంకో జంట మా పై గదిలో బీరువా ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఇల్లు పీకి పందిరి వేశారట. ఇల్లు ఇంకా కొననే లేదు. నేను వాళ్ళొచ్చినప్పుడల్లా బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుంటున్నాను. బస్సు డ్రైవరు ప్రతిసారీ తలుపు తెరిచి ఎక్కుతారా అని అడుగుతున్నాడు. ఇవాళ్టికి కాదు బాబూ అంటున్నాను.

ఒక్క మాట అడుగుతాను. మిషను నాతో తెచ్చుకోవచ్చా? నాకు పెద్ద చోటు అక్కర్లేదు, ఒక మూల చాలు. చప్పుడు చేస్తుంది గానీ పగలే కుడతాను, నువ్వు పనినుంచి వచ్చే వేళకి ముట్టుకోను.

నీ వదిన

*

జూలై 2

దర్జీ వదినా,

మిషను లేకుండా నువ్వేమిటి? నిక్షేపంగా తెచ్చుకో. దానికి చోటు లేని ఇల్లు నేను అసలు చూడనే చూడను. ఇప్పటికే తిరగడం మొదలుపెట్టాను.

ఈ ఊళ్ళో ఏ పేట ఎలా ఉంటుందో చెబుతాను, నువ్వే ఎంచుకో. కస్టమర్లకి చెప్పేది వేరు, నీకు చెప్పేది వేరు.

నది ఒడ్డున ఉన్న వీధులు అందరికీ కావాలి. చెట్లు, బెంచీలు, నడిచే దారి, చూస్తే కదలబుద్ధి కాదు. అక్కడి ఇళ్ళు నేను ఎప్పుడూ ఎండాకాలం సాయంత్రమే చూపిస్తాను. వానాకాలంలో కింది అంతస్తు గోడ మీద చెయ్యి వేస్తే తడి తగులుతుంది. నీ మోకాళ్ళకి పనికిరాదు. కొండ మీది కాలనీలో గాలి బాగుంటుంది, గొడవ ఉండదు. ధరలు కూడా కొండెక్కే కూర్చున్నాయి, పాలప్యాకెట్టు కావాలన్నా కారు తియ్యాలి. ఊరి బయట కొత్తగా లేచిన పెద్ద భవనాలున్నాయి. లిఫ్టులు, తోట, ఈతకొలను, కాగితం మీద ఏ లోటూ లేదు. అక్కడ నేను కొనిపించినవాళ్ళు కొన్నాళ్ళకి నాకే ఫోను చేస్తారు, పక్కవాళ్ళు ఎవరో ఇంకా తెలియలేదండీ అని. వాళ్ళకి ఈ ఊళ్ళో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మరి.

స్టేషను వెనక వీధులు చూడ్డానికి ఏమంత బాగుండవు. పాత ఇళ్ళు, కింద కొట్లు, పైన మనుషులు. రైళ్ళ చప్పుడు ఉంటుంది. కానీ మందుల షాపు, కూరలు, బ్యాంకు అన్నీ నడిచి వెళ్ళొచ్చు. బట్టలు కుట్టేవాళ్ళకి బేరాలకి లోటుండదు. నన్నడిగితే అదే.

నాకైతే అన్ని పేటలూ ఒకటే అయిపోయాయి. ఎక్కడికెళ్ళినా ఇంకొకరి తలుపే తీస్తున్నాను. నిన్న ఒక ఇంటి ముందు నిలబడి ఏ తాళంచెవో మరిచిపోయి గుత్తి అంతా ప్రయత్నించాను, చివరికి చూస్తే అది వేరే వీధి. కొనడానికొచ్చినాయన పాపం నా వెనకే నడిచి వచ్చాడు.

నీ ఆడపడుచు

*

జూలై 10

తాళాలగుత్తికి,

స్టేషను వెనక వీధులే. ఇంక మాట లేదు. నీ ఆఫీసుకి కూడా అక్కణ్ణించి నడక దూరమేనని విన్నాను, నీ చెప్పులు కూడా మిగులుతాయి. పొద్దున్నే నీ చేతికి వేడి టీ కప్పు అందిస్తాను, అది కూడా లెక్కలో వేసుకో. రైళ్ళ చప్పుడంటావా, నా మిషను చప్పుడుకి తోడు దొరికింది.

ఇక్కడ బేరం కుదిరినట్టే ఉంది. నర్సుగా పనిచేసే అమ్మాయీ, వాళ్ళాయన ఎలక్ట్రీషియనూ వచ్చారు. ఆరోజు జోరున వాన, బస్‌స్టాపుకి వెళ్ళలేకపోయాను. నువ్వు చెప్పినట్టే వంటింట్లో నోరు కట్టేసుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ముందుగదిలో నేల మీద నాలుగు గుంటలు చూసి, "ఇక్కడేదో బరువైనది చాలాకాలం ఉంది కదండీ, ఏమిటది?" అని అడిగింది. ఇంకెక్కడి నోరు కట్టేసుకోవడం? మిషను సంగతి, మీ అన్నయ్య లైన్‌మన్ ఉద్యోగం సంగతి, చెమ్మ సంగతి అన్నీ చెప్పేశాను. వాళ్ళాయన మెయిన్ బోర్డు తెరిచి చూసి, ఇది తెలిసినవాళ్ళు వేసిన వైరింగు అన్నాడు. వేసింది మీ అన్నయ్యే. ఆ మాటా చెప్పేశాను. బ్యాంకు వాళ్ళతో మాట్లాడుకుని వస్తామని వెళ్ళారు.

సామాను కట్టడం మొదలుపెట్టాను. నీకు ఏ రంగు పరదాలు ఇష్టమో రాయి.

నీ వదిన

*

జూలై 17

దర్జీ వదినా,

దొరికింది! స్టేషను వెనక రెండో వీధిలో, మెట్లు లేకుండా కింది అంతస్తు. ఒక పడకగది, చిన్న వంటిల్లు, మిషను పెట్టుకోవడానికి కిటికీ ఉన్న ముందుగది. ఒక్క మనిషికి కొలిచి కుట్టినట్టుంది. మా ఇంటినుంచి రెండు బస్సులు, అంతే. వీలైనప్పుడల్లా ఆదివారాలు వచ్చి కూర్చుంటాను, నీ టీ తాగుతాను.

ఇంటి యజమాని ముసలాయన, నన్ను మాటల్లో పెట్టి మూడుసార్లు ధర పెంచబోయాడు. నేనూ తగ్గలేదు. నీకు కావలసింది ఒకరి మీద ఆధారపడకుండా నీ సొంత తలుపు, నీ సొంత తాళంచెవి. తాళం కూడా కొత్తది, వెన్నలా తిరుగుతోంది.

పరదాలు నీ ఇష్టం, ఉండేది నువ్వు కదా.

నీ ఆడపడుచు

*

జూలై 22

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. నా కోసం మీరు ఇంత శ్రమ పడినందుకు సంతోషం. ఒక్క మనిషికి సరిపోయే ఇల్లు నాకు ఇక్కడే ఉంది. నా సొంత తలుపూ, నా సొంత తాళంచెవీ ఉన్నాయి. నూనె కూడా వేశాను.

ఇల్లు అమ్మడం లేదని నర్సుకి చెప్పేశాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. మిషను మళ్ళీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాను. ఒక్కదాన్నే కాబట్టి కాస్త ఆలస్యమైంది.

మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

ఇట్లు,
మీ అన్నయ్య భార్య

*

జూలై 27

వదినా,

ఈ 'గారు' ఏమిటి, ఈ 'మీరు' ఏమిటి? నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని చూస్తే కరెంటు ఆఫీసువాళ్ళు పంపిన నోటీసులా ఉంది.

ఇల్లు అమ్మేవాళ్ళందరికీ చివర్లో ఈ జ్వరం వస్తుందని నాకు తెలుసు. ద్వారబంధం పట్టుకుని ఏడ్చినవాళ్ళని చూశాను, రిజిస్ట్రేషను రోజున ఊరొదిలి పారిపోయినాయన్ని కూడా చూశాను. కానీ నీకు రాదనుకున్నాను. నర్సు లాంటి కొనుగోలుదారు మళ్ళీ దొరుకుతుందా? నేల మీద గుంటలు చూసి వంక పెట్టకుండా అదేమిటని అడిగిన మనిషి. నా అనుభవంలో అలాంటివాళ్ళు అరుదు.

ఇక్కడ ఆ ముసలాయన్ని ఒప్పించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు వెళ్ళి వద్దని చెప్పాలి. చెబుతాను, నాకు అలవాటే. అందరి తరఫునా వద్దని చెప్పడానికే నాకు జీతం ఇస్తున్నారనిపిస్తోంది ఈమధ్య.

నా దగ్గర ఉంటానన్నది నువ్వే కదా. దగ్గరగానే చూశాను. ఈ ఊళ్ళో రెండు బస్సులంటే పక్కిల్లు కిందే లెక్క. ఇంకా ఎంత దగ్గర కావాలి?

నీ ఆడపడుచు

*

జూలై 31

ఎంత దగ్గర కావాలని అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నేను నీ దగ్గర అన్నాను. నీ వీధికి దగ్గర అనలేదు, నీ బస్‌స్టాపుకి దగ్గర అనలేదు. నువ్వు కంచం పెట్టుకుంటే పక్కన నా కంచం కూడా ఉండేటంత దగ్గర. నాకు ఒక మూల చాలన్నాను. మూల అంటే నీ ఇంట్లో మూల. మిషనుకి చోటు లేని ఇల్లు చూడనే చూడనని నువ్వు రాస్తే, ఇద్దరికీ సరిపోయే ఇల్లు వెతుకుతున్నావనుకుని పక్కవీధి అమ్మాయికి కూడా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ అమ్మాయికి మొహం చూపించలేక చుట్టు తిరిగి కొట్టుకి వెళ్తున్నాను.

నీ మీద కోపం లేదు. ఉండేది, మిషను జరిపేసరికి నీరసంలో అదీ పోయింది. నీ ఇల్లు, నీ అలవాట్లు నీకుంటాయి. నేనే అడగకూడని మాట అడిగాను. మీ అన్నయ్య ఉన్నప్పుడైతే ఆలోచించేదాన్ని కాదు. నువ్వు నన్ను వదినా అంటావు, కానీ ఆ పిలుపు నాకు ఆయన వైపునుంచి వచ్చింది. ఆయన లేకపోయాక నేను నీకు ఏమవుతానో నాకే సరిగ్గా తెలియదు. అది అడగడానికే నాకు రెండేళ్ళు పట్టింది. నువ్వు "వచ్చెయ్యి" అంటే, ఇంకా ఏదో అవుతానన్నమాట అనుకున్నాను.

ఇంకొకటి. తలుపు వెనక ఎవరిదో పాత కోటు పారెయ్యమన్నావు. అది మీ అన్నయ్యది.

వదిన

*

ఆగస్టు 6

వదినా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు. డిపో దాకా వెళ్ళిపోయాక, ఇదే ఆఖరు స్టాపు అని కండక్టరు చెప్పాడు. ఇల్లు చూడ్డానికి వచ్చిన కస్టమర్లు ఎక్కడో ఒక గుమ్మం ముందు నిలబడి నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ.

ఇన్నేళ్ళుగా ప్రకటనలు రాస్తున్నాను. స్టేషనుకి దగ్గర, బడికి దగ్గర, ఆస్పత్రికి దగ్గర. ఎంత దూరాన ఉన్న ఇల్లయినా దేనికో ఒకదానికి దగ్గరని రాసిపెడతాను. రాసి రాసి ఆ మాట నాకు కిలోమీటర్లలోనే వినబడుతోంది. నువ్వు "నీ దగ్గర ఉంటాను" అంటే వెంటనే మ్యాపు తెరిచాను. మనిషి దగ్గర మనిషి ఉండడమనే అర్థం దానికి ఉందని నాకు తట్టనే లేదు. నన్నెవరూ ఆ మాట అడగలేదు వదినా. అడుగుతారని నేను ఎదురుచూడడం కూడా మానేసి చాలా కాలమైంది.

నా ఇల్లు, నా అలవాట్లు అని రాశావు. నేను ఉండేది టైర్ల షాపు మీద గదిన్నర అద్దె వాటా. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. నువ్వూ అన్నయ్యా ఎప్పుడొచ్చినా హోటల్లోనే భోజనం పెట్టి పంపాను, గుర్తుందా? పెద్ద ఆఫీసులో పనిచేసేదాని ఇల్లు ఇంతేనా అనుకుంటారని పిలవలేదు. ఊరందరికీ తూర్పు కిటికీలు చూపిస్తాను, నాకు ఏ దిక్కు కిటికీ లేదు. ఇంత చోటులోకి నువ్వు వస్తానంటావని కలలో కూడా అనుకోను కదా.

ఫోటో మళ్ళీ తీసి చూశాను. కోటు మోచేతి దగ్గర నువ్వు వేసిన అతుకు ఉంది. వానలో స్తంభాలు ఎక్కి వచ్చి దాన్ని ఆ మేకుకే తగిలించేవాడు, కింద నీళ్ళ మడుగు కట్టేది, నువ్వు అరిచేదానివి. నాకు సొంత అన్నయ్య కోటు కనబడలేదు, కొనేవాళ్ళకి అడ్డొచ్చే వస్తువు కనబడింది. పారేశావా? పారేస్తే రాయకు, నేను భరించలేను.

డిపోలో దిగి ఊరికే నడిచాను. డిపో వెనక వీధిలో ఒక ఇంటికి 'అద్దెకు ఇవ్వబడును' అని బోర్డు ఉంది. తాళాలు నా గుత్తిలో లేవు, పక్కింటావిడ తీసి చూపించింది. ఇది ఎవరికీ మెచ్చుకుని చెప్పే పేట కాదు. తెల్లారకముందే బస్సులు స్టార్టు చేస్తారు, కిటికీలు గడగడమంటాయి. వంటింటి గట్టు ఇరుకు. నా కస్టమర్లెవరికీ చూపించను. కానీ మెట్లు లేవు. రెండు పడకగదులు. ముందుగదిలో దక్షిణం కిటికీ, కింద మిషనుకి సరిపడా చోటు. వీధి తలుపు వెనక ఒక మేకు కూడా ఉంది.

కొనవద్దు, ముందు అద్దెకే ఉందాం, సగం సగం వేసుకుందాం. ఏజెంటు అనకూడని మాట ఇది. నా గదిన్నర నేను ఖాళీ చేస్తానని చెప్పేశాను.

ఇప్పుడు నేను అడుగుతున్నాను, దూరం లెక్క కాదు. నీ దగ్గర ఉందామనుకుంటున్నాను. అన్నయ్య ఇచ్చిన పిలుపే అయినా అన్నయ్యతో పోలేదు, ఇప్పుడు నాకు ఉన్న వదినవి నువ్వే. నువ్వేమంటావు? వద్దనిపిస్తే వద్దనే రాయి, నేనేమీ అనుకోను.

నీ ఆడపడుచు

*

ఆగస్టు 14

తాళాలగుత్తికి,

అనుకుంటావు. నాకు తెలుసు.

నర్సు మళ్ళీ వచ్చింది. ఇల్లు అడగడానికి కాదు, యూనిఫారం పొడవు తగ్గించమని. నేను అంచు మడుస్తున్నంతసేపూ గోడల వంకే చూస్తూ కూర్చుంది. ఇల్లు కావాలా అమ్మాయ్ అని అడిగాను. కొలతలు ఇచ్చిన మనిషి కాబట్టి నాకు ఇంక నమ్మకం కుదిరింది. బ్యాంకు పని వాళ్ళు అప్పుడే చేసిపెట్టుకున్నారట, కాగితాలన్నీ అయిపోయాయి. ధర దగ్గర వాళ్ళాయన కాస్త నీళ్ళు నమిలాడు, ఆ వైరింగు ఎవరు వేశారో గుర్తు చేశాను, ఒప్పుకున్నాడు. నువ్వు చెప్పిన సలహాల్లో ఇది లేదు, రాసిపెట్టుకో.

కోటు పారెయ్యలేదు. ఆ రెండో సగం ఉత్తరం రాసినావిడ మాట ఆ ఒక్కటీ వినలేదు. మంచం కింద పెట్టెలో ఉంది. తెస్తున్నాను. నీళ్ళ మడుగు కట్టదు, అరవను.

పరదాలు నీలం గుడ్డతో కుడుతున్నాను. ఇష్టం లేకపోయినా సర్దుకో, అడిగినప్పుడు చెప్పలేదు కదా.

మిషను లారీలో ముందు వస్తుంది, దింపించుకో. నేను ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. స్టేషనుకి రావద్దు, డిపోకి రావద్దు. ఆఖరు స్టాపు కాబట్టి తప్పిపోను, ఇల్లు అడిగి తెలుసుకుంటాను. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తానని మాత్రం అనకు. ఆ రోజు ఎవరికీ ఏ ఇల్లూ చూపించకు. లోపలే ఉండు. నేను సంచి కింద పెట్టి తలుపు తడతాను, నువ్వు లోపల్నించి వచ్చి తియ్యి.

నీ వదిన